ఆకుపచ్చ కిటికీ గది

టేపు మేడం తలుపు తట్టిందంటే ఆ ఇంట్లో ముసలివాళ్ళు ముందు తమ కాళ్ళకేసి చూసుకుంటారు. మోకాలి మీద కొత్త దెబ్బేదైనా ఉంటే గబగబా దుప్పటి లాక్కుంటారు. ఆవిడకి మాత్రం దుప్పటి లాక్కునే వేగాన్ని బట్టే దెబ్బ ఎంతదో తెలిసిపోతుంది.

వృద్ధుల సహాయ కేంద్రంలో ఆవిడకి ఉద్యోగం. రోజుకి నాలుగిళ్ళు. వెళ్ళగానే టీ వద్దంటుంది, తర్వాత తాగుతుంది. సంచిలోంచి టేపు తీసి గడప ఎత్తు, కుర్చీ ఎత్తు, మంచానికీ బాత్రూమ్‌కీ మధ్య దూరం కొలుస్తుంది. అంచులు లేచిన చాప కనిపిస్తే చుట్టేసి మూలన నిలబెడుతుంది. చేత్తో పట్టుకునే కడ్డీ ఎక్కడ బిగించాలో గోడ మీద పెన్సిలుతో గీత గీస్తుంది. పెద్దవాళ్ళు ఎవరి ఇంట్లో వాళ్ళు, ఒకరి చెయ్యి కోసం చూడకుండా, వీలైనన్నాళ్ళు బతికేలా చూడటమే ఆవిడ పని. పదిహేడేళ్ళుగా అదే చేస్తోంది. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా వినపడదు.

ఆవిడకి బాగా అలవాటైన వీధి ఒకటుంది. ఒకప్పుడు బస్సు కంపెనీ తన పనివాళ్ళ కోసం కట్టించిన ఒంటివరస ఇళ్ళు. ఆ ఇళ్ళలో ఏ గదిలోనైనా వరసగా ఏడు రోజులు ఎవరూ అడుగు పెట్టకపోతే, ఎనిమిదో రోజు పొద్దుటికి ఆ గది ఉండదు. తలుపు ఉన్నచోట గోడ నున్నగా మూసుకుపోతుంది. లోపల వదిలేసిన సామాను గదితోపాటే పోతుంది. పోయిన గది మళ్ళీ రాదు. ఆ వీధి టైలరుకి మేడమీద గది అలాగే పోయింది, దాంతోపాటు ఒక పాత మిషనూ పోయింది. “దానికి బెల్టు ఎలాగూ తెగిపోయిందిలెండి” అంటాడు అతను. సహాయ కేంద్రం ఫారంలో కూడా ఆ వీధి కోసం ఒక గడి ఉంది: ప్రస్తుతం ఎన్ని గదులు?

టేపు మేడంకి ఆ వీధంటే సుఖం. మిగతాచోట్ల మేడ మెట్లు ఎక్కొద్దని బతిమాలాలి, కోప్పడాలి, పిల్లలచేత చెప్పించాలి. ఇక్కడ ఓ వారం అటు వెళ్ళకపోతే చాలు, మిగతాది ఇల్లే చూసుకుంటుంది. మనిషికి ఓపిక తగ్గినకొద్దీ ఇల్లూ తగ్గుతుంది. ఆ వీధిలో పడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్ళు తక్కువ.

ఒక్క కండక్టరమ్మ తప్ప ఎవరూ మొండికెయ్యలేదు.

కండక్టరమ్మకి డెబ్భై ఎనిమిది. ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సులో నిలబడి పనిచేసింది. భర్త అదే కంపెనీలో మెకానిక్కు, పిల్లలు బడిలో ఉండగానే పోయాడు. ఇద్దరు కూతుళ్ళు. పెద్దకూతురు రక్తపరీక్షల లాబ్‌లో పనిచేస్తుంది, నాలుగు వీధుల అవతలే కాపురం. చిన్నకూతురు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు టేపు మేడం నడవలో కడ్డీకి గీత గీస్తుంటే ముసలావిడ పకపకా నవ్వింది.

“కడ్డీయా? నాకా? నిండు బస్సు మలుపు తిరుగుతుంటే రెండు చేతులా టిక్కెట్లు చింపిచ్చినదాన్నమ్మాయీ నేను.”

“అప్పుడు బస్సు కదిలేది, మీరు నిలబడేవారు. ఇప్పుడు ఇల్లు నిలబడే ఉంది, మీరు కదిలిపోతున్నారు.”

“నోరు బాగానే ఉందే” అంది కండక్టరమ్మ. కడ్డీకి ఒప్పుకుంది. బాత్రూమ్‌లో కూడా ఒప్పుకుంది. మేడ ఎప్పుడో పోయింది. మిగిలినవి ముందుగది, పడగ్గది, వంటిల్లు, నడవ చివర రెండు మెట్లు దిగితే ఒక చిన్నగది. ఆ గదికి ఇంటి పక్కసందులోకి ఒక కిటికీ. దాని రెక్కలకి ఆకుపచ్చ రంగు, కుంచె గీతలు కనిపించేలా పిల్లచేతి పనిలా వేసి ఉంటుంది.

ఆ రెండు మెట్లూ టేపు మేడంకి నచ్చలేదు. ఒకటి ఇరవై సెంటీమీటర్లు, రెండోది ఇరవై ఆరు. దిగేచోట వెలుతురు లేదు.

“ఇందులోకి ఎందుకు వెళ్తారు?”

“రోజూ వెళ్తాను.”

“ఎందుకూ అంటున్నాను.”

“వెళ్ళకపోతే పోతుంది కదా!” అంది కండక్టరమ్మ, అంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

అప్పుడు చెప్పుకొచ్చింది. అది చిన్నదాని గది. దానికి పంతొమ్మిదేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం ఎవరో అబ్బాయితో తల్లి బస్సే ఎక్కింది. తల్లే కదా అని టిక్కెట్టు తీసుకోలేదు. ముందురోజే ఒకడు ‘మీవాళ్ళనైతే ఊరికే ఎక్కించుకుంటారు’ అని కండక్టరమ్మని నలుగురిలో అన్నాడట. ఆ మాట ఇంకా మండుతోంది. బెల్లు కొట్టి బస్సాపింది. దిగమంది. పిల్ల నవ్వుతూ “అమ్మా” అంది. మళ్ళీ దిగమంది. బస్సంతా చూస్తుండగా పిల్ల దిగిపోయింది.

“సాయంత్రం ఇంటికొచ్చేసరికి బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. ఇరవై రెండేళ్ళు. ఏదో ఒక రోజు పక్కసందులోంచి తొంగి చూస్తుంది. కిటికీ కనపడితే నేను అడుగు పెడుతున్నానని తెలుస్తుంది. కనపడకపోతే...” ముసలావిడ చేత్తో గాలిలో ఏదో తుడిచేసినట్టు చేసింది.

టేపు మేడం ఆ పూట మెట్ల దగ్గర కూడా ఒక కడ్డీకి గీత గీసింది. కానీ ఆఫీసుకి వెళ్ళి ఫారంలో తన పద్ధతి ప్రకారమే రాసింది: చివరి గది మెట్లు ప్రమాదకరం. ఆ గదిని పోనివ్వడం మంచిది.

నిజం అదే. మంచిదే. నకలు ఒకటి పెద్దకూతురికి వెళ్ళింది.

* * *

ఆ చలికాలంలోనే కండక్టరమ్మ రెండో మెట్టు మీద జారి పడింది. కుడి తుంటి ఎముక విరిగింది. గంటన్నర తర్వాత ఆవిడ కేకలు విని టైలరు వచ్చాడు. ఆసుపత్రిలో ఆపరేషను చేసి ఆరు వారాలు ఉండాలన్నారు.

మర్నాడు టేపు మేడం వార్డుకి వెళ్తే ముసలావిడ నొప్పి గురించి ఒక్కమాటా మాట్లాడలేదు. దిండు కిందనుంచి తాళంచెవి తీసి ఆవిడ గుప్పిట్లో పెట్టి గుప్పిలి మూసింది.

“అమ్మాయీ, నువ్వు ఎటూ ఆ వీధికి వస్తావు. వారానికి ఒక్కసారి. ఒక్క అడుగు పెట్టి వచ్చేయి. కూర్చోనక్కర్లేదు, తుడవనక్కర్లేదు.”

“సరేనండీ.”

“సరే అనకు. పెడతానను.”

“పెడతాను” అంది టేపు మేడం.

ఆ సాయంత్రమే పెద్దకూతురు సహాయ కేంద్రానికి వచ్చింది. లాబ్ కోటు మీదే వచ్చింది, జేబులో ఇంకా రెండు ఖాళీ సీసాలున్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

“మేడం, అమ్మ మీకు తాళంచెవి ఇచ్చిందట కదా. ఇలా ఇవ్వండి.”

“ఆవిడ నన్ను అడిగింది...”

“తెలుసు ఏం అడిగిందో. ఆ గది ప్రమాదం అని రాసింది మీరే కదా? పోనివ్వడం మంచిదని రాసింది మీరే కదా? పోనివ్వండి మరి. ఈసారి పడితే లేవదు. డాక్టరుగారు మొహాన్నే చెప్పారు.” ఆమె చెయ్యి చాపింది. “లోపలి సామానైనా తీద్దామంటే అడుగు పెట్టగానే మళ్ళీ ఏడు రోజులూ మొదటికొస్తాయి. అలాగే పోనీ. మిగతా గదుల్లో నేను తిరిగి వస్తుంటాను.”

బల్ల అవతల కూర్చున్న ఆఫీసరు తల పైకెత్తకుండానే, మనిషి ఆసుపత్రిలో ఉన్నప్పుడు మనవాళ్ళు ఇంట్లోకి వెళ్ళకూడదని రూలుందన్నాడు. రూలు ఉన్నమాటా నిజమే.

టేపు మేడం తాళంచెవి ఇచ్చేసింది. 

రోజులు మాత్రం లెక్కపెట్టుకుంది. ఆరో రోజు వేరే ఇంటికి వెళ్తూ దారి తప్పి వచ్చినదానిలా ఆ వీధిలోకి వచ్చింది. పక్కసందులోకి వెళ్ళి నిలబడింది. ఆకుపచ్చ రెక్కలు మూసే ఉన్నాయి. అద్దం పగలగొట్టి చెయ్యి పెట్టొచ్చు, కానీ చెయ్యి పెడితే లాభం లేదు, అడుగు పెట్టాలి. తనకి యాభై నాలుగేళ్ళు, కిటికీ ఎక్కి దూకే వయసు కాదని సర్దిచెప్పుకుంది. నిజానికి ఆ కిటికీ ఎత్తు నడుము దాకా కూడా లేదు. ఆవిడకి టేపు తియ్యకుండానే తెలుస్తుంది అలాంటివి.

ఎనిమిదో రోజు పొద్దున మళ్ళీ వెళ్ళింది. సందువైపు గోడ ఈ చివరినుంచి ఆ చివరికి ఒకే గోడ. సున్నం కూడా పాతదిలాగే, వాన చారలతో సహా ఉంది.

* * *

ఆరు వారాల తర్వాత కండక్టరమ్మని వాకరుతో ఇంటికి తెచ్చారు. ఒక పక్క పెద్దకూతురు, ఒక పక్క టేపు మేడం. ముసలావిడ తన మంచం వైపు తిరగలేదు. నడవలోంచి తిన్నగా చివరికి వెళ్ళింది. అక్కడ మెట్లు లేవు, తలుపు లేదు. గోడ మీద అరచెయ్యి ఆనించి, పైనుంచి కిందికి ఒకసారి రాసింది.

“స్టాపు ఎత్తేశారన్నమాట” అంది.

అంతే. ఏడవలేదు, తిట్టలేదు. టేపు మేడం కేసి చూడలేదు కూడా. చూసి తిట్టి ఉంటే బాగుండేదని ఆవిడకి చాలారోజులు అనిపించింది.

ఆ తర్వాత కండక్టరమ్మ అంత బుద్ధిమంతురాలు ఆ వీధిలోనే లేదు. కడ్డీ పట్టుకోమంటే పట్టుకుంది. మందులు వేళకి వేసుకుంది. కాలు పదిసార్లు ఎత్తమంటే పది ఎత్తింది, తొమ్మిది కాదు, పదకొండు కాదు. పడలేదు. సహాయ కేంద్రం వాళ్ళు వచ్చి ఆవిడ వాకరు పట్టుకుని నిలబడ్డ ఫోటో తీసి ఆఫీసు గోడకి తగిలించారు. ఫోటో కింద ‘సొంత ఇంట్లో, సొంత కాళ్ళ మీద’ అని రాశారు. ఫోటోలో ఆవిడ కెమెరాకి కొంచెం పక్కగా, ఏమీ లేనిచోటుకి చూస్తోంది.

నెల తిరిగేసరికి ముందుగది పోయింది.

ఆవిడ అటు వెళ్ళడం మానేసింది. లోపలికి వచ్చేవాళ్ళందరూ ముందుగదిలోంచే కదా వస్తారు అనుకున్నారు పెద్దకూతురూ, టేపు మేడమూ. కానీ ఆసుపత్రి నుంచి వచ్చాక వాకరుకి సులువని ఇద్దరూ నడవలోకి తెరుచుకునే పెరటి తలుపునే వాడుతున్నారు. అలవాటైపోయి ఎవరూ గమనించలేదు. ఒక ఆదివారం పొద్దున వచ్చేసరికి ముందుగది లేదు. అందులో ఉన్న కుర్చీలూ, గోడ గడియారమూ, తండ్రి ఫోటో కూడా పోయాయి.

పెద్దకూతురు తల్లి మంచం దగ్గర నిలబడి అరిచింది. టేపు మేడం వంటింట్లో టీ కప్పుతో అలాగే ఉండిపోయింది.

“ఇప్పుడు ఇదేంటమ్మా? తర్వాత వంటిల్లా? మంచం ఒక్కటి మిగిలేదాకా ఆగుతావా?”

“చిన్నిల్లు మంచిదని మీరే కదా అన్నారు” అంది కండక్టరమ్మ, కోపం ఏమీ లేకుండా.

“నా మీద కక్ష తీర్చుకుంటున్నావు. తీర్చుకో. దాని గది నేనే పోగొట్టాను, అవును. ఇరవై రెండేళ్ళు రోజూ మెట్లు దిగి దానికోసం గది కాశావు. మరి నా గదో? మేడమీద గది నాది. నా పెళ్ళైన నెలకే పోయింది. ఆదివారం నీకోసం వచ్చి చూస్తే పైకి వెళ్ళే మెట్లే లేవు. నా పుస్తకాలు, నా దుప్పటి, అన్నీ పోయాయి. వారానికి ఒక్కసారి పైకెక్కి తొంగిచూడలేకపోయావు. అప్పుడు నీ మోకాళ్ళు బాగానే ఉన్నాయి.”

ముసలావిడ దుప్పటి అంచు సరిచేసుకుంది. టీ చల్లారిపోయింది.

“నువ్వు ప్రతి ఆదివారం వచ్చేదానివి. వచ్చి వంటింట్లో కూర్చునేదానివి. నీకోసం గది కాయాలని నాకు తోచనేలేదు. రాని మనిషికే కదమ్మా గది కావాలి.”

“అంటే వచ్చినందుకు నాకేమీ మిగల్లేదన్నమాట.”

 పెద్దకూతురు మొహం కడుక్కుని, తల్లికి మందులు డబ్బాలో సర్దిపెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి రోజూ లాబ్‌కి వెళ్ళేముందు వచ్చి, తల్లి వెళ్ళినా వెళ్ళకపోయినా తను వంటింట్లోనూ నడవలోనూ ఓసారి తిరిగి వెళ్ళేది. తల్లితో మాత్రం మాట్లాడేది కాదు.

* * *

ఆ పై మంగళవారం టైలరు టేపు మేడంని చెయ్యూపి పిలిచాడు. అతని మిషను కిటికీ దగ్గరే ఉంటుంది, వీధిలో జరిగేదంతా అతని దారంతోపాటే నడుస్తుంది.

“మేడం, నిన్న నాలుగు దాటాక ఒకావిడ వచ్చిందండీ. నలభై ఏళ్ళుంటాయి. కండక్టరమ్మగారి సందులోకి వెళ్ళింది, వెనక్కొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. తర్వాత నా దగ్గరకొచ్చి, ‘అక్కడ ఆకుపచ్చ కిటికీ ఒకటి ఉండాలి కదా?’ అంది.”

టేపు మేడం సంచి కింద పెట్టింది. “మీరేమన్నారు?”

“ఉండేదమ్మా, మూడు నెలలవుతోంది, గది పోయింది అన్నాను. ఉన్నమాటే కదండీ. ‘అయితే అడుగు పెట్టడం మానేశారన్నమాట’ అంది. నవ్వింది కూడా. అప్పటికి నా బుర్ర పనిచెయ్యలేదు. ఎవరో బంధువులు కాబోలనుకున్నాను. చేతిలో సగం కుట్టిన చొక్కా చెయ్యి ఉంది, అది పూర్తయ్యాక తట్టింది. బయటికొచ్చి చూస్తే బస్సెక్కేస్తోంది. కేకేశాను. వినపడలేదో, విననట్టు ఊరుకుందో.”

అతను గుడ్డ మడతపెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడతపెడుతూ ఉన్నాడు. “నేను చెప్పలేనండీ ఆ ముసలావిడకి. మీరే చెప్పండి. లేకపోతే ఎవరమూ చెప్పొద్దు.”

టేపు మేడం వీధి మధ్యలో కాసేపు నిలబడింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఆవిడ ఇక లేవకపోవచ్చు. ఫారంలో దీనికి గడి లేదు. కానీ ఒకసారి ఆవిడకి మాటిచ్చి తప్పింది. రెండోసారి మాట దాచిపెట్టి తప్పడానికి మనసొప్పలేదు.

లోపలికి వెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ముందు తన సంగతి చెప్పింది. “తాళంచెవి నేనే ఇచ్చేశానండీ. ఆరో రోజు వచ్చి కిటికీ దగ్గర నిలబడి కూడా వెనక్కి వెళ్ళాను.”

“తెలుసు” అంది కండక్టరమ్మ. “నీ మొహం చూస్తే తెలియదా!”

తర్వాత టైలరు అన్నదంతా చెప్పింది, ‘మానేశారన్నమాట’తో సహా. ముసలావిడ కళ్ళు మూసుకుంది.  డాక్టరుని పిలవాలా అని టేపు మేడం లేవబోతుండగా ఆవిడ కళ్ళు తెరిచింది.

“ఏ నంబరు?”

“ఏంటండీ?”

“ఎక్కిన బస్సు. ఏ నంబరు?”

“పద్నాలుగు అన్నాడు.”

“ఊళ్ళోకి వెళ్ళేదా, వంతెన వైపు వెళ్ళేదా?”

“వంతెన వైపు.”

“చేతిలో సామానుందా?”

“చిన్న సంచి ఒకటి అన్నాడు.”

“చిన్న సంచి. నాలుగింటికి వచ్చి నాలుగున్నరకి వెళ్ళింది. అయితే పొరుగూరి నుంచి వచ్చింది కాదు.” కండక్టరమ్మ దిండు మీద మోచెయ్యి ఆనించి పైకి జరిగింది. “వంతెన వైపు పద్నాలుగు మీద పంతొమ్మిది స్టాపులు. నేను రిటైరయ్యాక ఒకటో రెండో పెంచి ఉంటారు. అమ్మాయీ, ఇప్పటి బస్సులకి మెట్టు ఎత్తెంత ఉంటుంది?”

టేపు మేడంకి తెలియదు. ఇళ్ళే తప్ప ఆవిడ ఎప్పుడూ బస్సులు కొలవలేదు.

మర్నాడు డిపోకి వెళ్ళి కొలిచింది. ముప్ఫై నాలుగు సెంటీమీటర్లు. పడుతూ లేస్తూ నడిచే మనిషికి అది కొండ. వడ్రంగిచేత మూడు చెక్కపెట్టెలు చేయించి నడవలో పెట్టింది. మొదటిది పన్నెండు సెంటీమీటర్లు, రెండోది ఇరవై మూడు, మూడోది సరిగ్గా ముప్ఫై నాలుగు. ఎక్కేచోట గోడకి నిలువుగా కడ్డీ బిగించింది, బస్సు తలుపు దగ్గర ఉండేలాంటిదే. కాలు పదిసార్లు ఎత్తమన్నచోట కండక్టరమ్మ ఇప్పుడు నలభైసార్లు ఎత్తింది. ఏడుపు దిగమింగుకునే మొహంతో ఎత్తింది. రెండుసార్లు పెట్టె మీంచి వెనక్కి తూలితే టేపు మేడం వీపుకి చెయ్యి ఆనించి ఆపింది. అయిదు వారాలు పట్టింది.

ఆఫీసరుకి ఆ సంగతి తెలిసి మండిపడ్డాడు.

“తుంటి విరిగిన మనిషిని బస్సెక్కిస్తారా? ముసలివాళ్ళని ఇంట్లో ఉంచడం మన పని మేడం, వీధిన పడెయ్యడం కాదు. గోడ మీద ఫోటో కూడా పెట్టాం!”

టేపు మేడం వాదించలేదు. ఆ నెల ఫారంలో ‘ఇతర వివరాలు’ అన్న గడిలో ఇలా రాసింది: బస్సు ఎక్కగలరు. దిగగలరు. ఎక్కాలని ఉంది. కింద మామూలుగా పొడి అక్షరాలు పెట్టేది, ఈసారి పూర్తి సంతకం పెట్టింది. రెండు వారాలకి ఆవిడని ఆ వీధి నుంచి మార్చి వేరే పేటకి వేశారు. అయినా పని అయిపోయాక సాయంత్రాలు వచ్చేది.

* * *

కండక్టరమ్మ పద్నాలుగో నంబరు ఎక్కడం మొదలుపెట్టింది. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం దిగేది, తిని పడుకుని మళ్ళీ నాలుగింటి బస్సు. ఇప్పటి బస్సుల్లో కండక్టర్లు లేరు, తలుపు పక్కన ఒక డబ్బా ఉంటుంది. “దానికంటే నేనే నయం, మొహం చూసి మాట్లాడేదాన్ని” అనేది. ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుని ప్రతి స్టాపులోనూ నిలబడ్డవాళ్ళని ఒక్కొక్కరినే చూసేది. డ్రైవర్లకి అలవాటైపోయింది, ఆవిడ కూర్చునేదాకా బండి కదిపేవాళ్ళు కాదు.

వానాకాలం వచ్చింది. ఒకసారి జారి మోచెయ్యి గీరుకుపోయింది. కొంగు లాక్కుని కప్పేసింది. చిక్కిపోయింది. దగ్గు పట్టుకుంది. పెద్దకూతురు పళ్ళ బిగువున ఆవిడ బట్టలు ఉతికి ఆరేసేది.

“చెప్పండి మేడం మీరైనా” అంది ఒకరోజు టేపు మేడంతో. “మూడు నెలలయింది. ఒకసారి వచ్చింది, చూసుకుంది, పోయింది. ఇంకెందుకు కనిపిస్తుంది? ఆ బస్సులోనే పోతుంది అమ్మ.”

“పోవచ్చు” అంది టేపు మేడం. అబద్ధం చెప్పడానికి ఆవిడకి ఏమీ దొరకలేదు.

ఆ మాటలు జరిగిన వారానికి, ఒక సాయంత్రం ఇద్దరూ వంటింట్లో కూర్చుని ఎదురుచూస్తున్నారు. కండక్టరమ్మ రావలసిన వేళ దాటి ముప్పావుగంట అయింది. పెద్దకూతురు నాలుగుసార్లు వీధిలోకి వెళ్ళి చూసింది. అయిదోసారి లేస్తుండగా వాకరు చప్పుడైంది.

ముసలావిడ తడిసిపోయి వచ్చింది. కుర్చీలో కూలబడి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. 

“కనిపించింది” అంది.

పెద్దకూతురు కుర్చీ దగ్గరకి జరిగింది.

“మిల్లు దగ్గర మా బస్సు ఆగింది. ఎదురుగా ఇంకో పద్నాలుగు వచ్చి పక్కనే ఆగింది, ఇంత దూరంలో. అందులో కిటికీ పక్కన కూర్చుంది. నన్ను చూసింది. నా వాకరు చూసింది.”

“అది చిన్నదేనని ఎలా తెలుసు?” అంది పెద్దకూతురు. “ఇరవై రెండేళ్ళు దాటింది. ఎవరైనా కావచ్చు.”

“నన్ను చూసి మొహం తిప్పేసుకుంది. వేరేవాళ్ళకి నన్ను చూసి మొహం తిప్పుకోవాల్సిన పనేముంది?”

వంటింట్లో కుళాయి నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. ఎవరూ లేచి కట్టలేదు.

“చెయ్యి ఊపాను. అద్దం మీద కొట్టాను. మా డ్రైవరు హారను కూడా కొట్టాడు పాపం. ఆ బస్సు కదిలిపోయింది. కదిలాక...” కండక్టరమ్మ ఊపిరి అందక ఆగింది. “కదిలాక వెనక్కి తిరిగింది. మెడ తిప్పి చూసింది. మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది. నేను దిగి, ఆ బస్సు మళ్ళీ వస్తుందేమోనని రెండు బస్సులు వదిలేశాను. రాలేదు.”

పెద్దకూతురు తువ్వాలు తెచ్చి తల్లి తల తుడవడం మొదలుపెట్టింది. గట్టిగా, విసురుగా తుడుస్తోంది. ఉన్నట్టుండి ఆమె చేతులు మెత్తబడ్డాయి.

“ఎలా ఉంది?” అంది.

“నీలాగే ఉంది. చెవుల దగ్గర నెరిసింది. చిక్కింది.” ముసలావిడ తువ్వాలు లోంచి మాట్లాడింది. “కోపం కూడా నీలాగే.”

పెద్దకూతురు తువ్వాలు తీసి మడతపెట్టింది. మడత సరిగ్గా రాలేదు, విప్పి మళ్ళీ పెట్టింది. తల్లికేసి చూడకుండా అంది, “రేపు లాబ్‌కి సెలవు పెడతాను. నువ్వు ఇటు వెళ్ళే బస్సులో కూర్చో, నేను అటునుంచి వచ్చేదాంట్లో కూర్చుంటాను.”

కండక్టరమ్మ తల ఎత్తి పెద్దకూతుర్ని కాసేపు చూసింది, ఎవరో కొత్తగా ఎక్కిన మనిషిని చూసినట్టు.

“మొదటి బస్సు ఆరున్నరకి” అంది. “ఆలస్యమైతే ఆపమని చెప్పను.”